దుడ్డె తాగంగ మిగిలినన్ని

జూన్ 8, ఆదివారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి మా ల్యాబుల అందరికి ఇచ్చిన్రు. ఇన్ని నెలలు నా బిడ్డ శ్రీహిత దీంట్ల పిల్లి బొమ్మలు గీసింది. ఇయ్యాల గుంజుకున్న. నాకు మస్తు కోపమున్నది, ఏడనన్న కక్కాలె.

సంగతి ఒక్క మొల. మా లగ్గం ఫోటో, మా అన్న పెద్దగ చేయించి అద్దం కట్టించి ఇచ్చినది, బిడ్డ అయిదో తరగతికొచ్చినా ఇంక మంచం కిందనే ఉన్నది. ఓనరమ్మ గోడలకు మొలలు కొట్టనియ్యదు. ఇయ్యాల ఆమె లాల్‌దర్వాజా గుడికి పోయిందనుకొని సుత్తె తీసిన. రెండు దెబ్బలు పడ్డయో లేదో మీదికెళ్ళి దిగొచ్చింది. "ఏంది అఖిలా, నీ ఇల్లనుకున్నవా?" అన్నది. నా ఇల్లు కాదు, ఆమె ఇల్లే. నేనేమంట? మొల పీకి, బొక్కల పళ్ళ పేస్టు పెట్టి పూడ్చిన. ఫోటో మల్ల మంచం కిందికి పోయింది.

"ఇల్లు కొందాం" అన్న ఈయనతోని. ఎల్లేష్‌కు ఇండ్లు చూసుడంటే పానం. ఆదివారమైతే చాలు, బండేసుకొని మీర్‌పేట, బడంగ్‌పేట తిరిగి, బ్రోకర్లు తాపిచ్చిన చాయ్‌లు తాగి వస్తడు. "ఆ ఇంటికి రెండు బాల్కనీలే" అంటడు. కొనే ముచ్చట మాత్రం రాదు. ఇయ్యాల గూడ "రేపే పోయి చూద్దాం" అన్నడు. నేను అటు తిరిగి దుప్పటి కప్పుకున్న.

జూన్ 9

ల్యాబుల నా పక్క కౌంటర్ నస్రీన్‌ది. మొల ముచ్చట చెప్తే ముందు పడి పడి నవ్వింది, తర్వాత తిట్టింది. "పాగల్! పహలే లోన్ పాస్ కరాలే, ఫిర్ ఘర్ దేఖ్. పర్సుల ఎంతున్నదో చూసుకోకుండ లాడ్ బజార్ల గాజులకు పోతవా?" అన్నది. వాళ్ళు గట్లనే కొన్నరంట. ఇల్లు చూడకముందే బ్యాంకుకు పోవాలె. మన కమాయి చూసి, మీకు ఇంత దాంక ఇస్తమని బ్యాంకోళ్ళు లెటర్ ఇస్తరు. అది చేతుల ఉంటే ఇల్లమ్మేటోడు కుర్చీ ఏసి కూసోబెడ్తడంట.

ఇంటికొచ్చి ఈయనకు చెప్పిన. "పిల్లను చూడకముందే లగ్గం పెట్టుకున్నట్టున్నది నీ కథ" అన్నడు. లెటర్ వచ్చేదాంక ఎవ్వరు ఏ ఇల్లు చూడొద్దు అని ఒట్టేయించుకున్న. మొకం మాడ్చుకొని ఏసిండు. నేను గూడ ఏసిన. ఒట్టు అంటే ఒట్టే.

జూన్ 11

నేను ఏ ఇల్లు చూడలే.

మా బర్రెల కొట్టం పక్కన వైకుంఠం సేట్ ఇల్లున్నది. సేట్‌ది మిర్చి, పసుపు హోల్‌సేల్ దుకాణం. కుటుంబమంతా దుకాణం దగ్గరికి మారుతున్నరని, ఇల్లు అమ్ముతున్నరని బజారంత అంటున్నది. నాకెందుకు? కొత్తిమీర బండి సరిగ్గ ఆ ఇంటి ముంగట ఆగింది, అందుకని నేను ఆడ నిలవడ్డ. తలుపు తెరిచి ఉంటే నేనేం చేస్త? లోపల నాపరాళ్ళ వాకిలి, ఎడమ దిక్కు వంటిల్లు, కిటికీకి నీలం రంగు, మీదికి పోనీకి మెట్లు. గోడలు లావుగున్నయ్, పాతకాలంయి. కొత్తిమీర రెండు కట్టలు కొన్న.

జూన్ 12

కొత్తిమీర మల్ల కొన్న.

జూన్ 14

బ్యాంకుల కాయితాలిచ్చినం. నా జీతం స్లిప్పులు, ఈయన పాస్‌బుక్కు, హోటళ్ళోళ్ళు ఈయన పోసే పాలకు ఫోన్‌ల కొట్టిన పైసల పట్టీ. నా జీతం ఎంతనో ఈడ రాయను. నాకు తెల్వదా ఏంది.

కౌంటర్ల సార్ మంచిగ మాట్లాడిండు. ఒక మనిషి కొట్టానికొచ్చి చూసి పోతడంట, పక్కోళ్ళను గూడ అడుగుతడంట. అడగనీయి. మా గౌలిపురల మమ్మల్ని చెడ్డగ చెప్పేటోళ్ళెవరు?

వచ్చేటప్పుడు పాతసామాన్ల దుకాణంల మొలలు కొన్న, డబ్బెడు. ఇంటికోసం కాదు. ఊకె ఉంటయని.

జూన్ 19

ఏడ్వాల్నో నవ్వాల్నో తెలుస్తలేదు.

బ్యాంకు మనిషి వచ్చిండు. దీక్షిత్ అంట, సిన్న పోరడు, తెల్లంగి, మెరిసే బూట్లు. కొట్టంల అడుగు పెట్టంగనే మా బర్రె రాణి ఆయన ఫైల్ వాసన చూసింది. అది తింటదేమో అని రెండు చేతులతోని ఎదకు అదుముకున్నడు.

మా అత్తమ్మ లలితమ్మ గడ్డి ఏస్తున్నది. కొట్టం ఆమెది, బర్రెలు ఆమెవి, అట్ల చూస్తే మేం గూడ ఆమె చేతిలోళ్ళమే. దీక్షిత్ దండం పెట్టి అడిగిండు.

"అమ్మా, ఇవన్నీ కలిపి ఎన్ని పాలిస్తయ్?"

అత్తమ్మ కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. "ఏం పాలు బిడ్డా. ఏదో, దుడ్డె తాగంగ మిగిలినన్ని."

"అంటే ఎన్ని లీటర్లమ్మా?"

"లీటర్లెక్కడివి కొడకా? ఎండలకు సగం ఎండిపాయె. పచ్చగడ్డి దొరకదాయె."

ఆడ రాణి పొదుగు నిండి ఊగుతున్నది! దీక్షిత్‌కు ఏం తెలుసు, పాపం, ఆయనకు బర్రె ముందేదో ఎనకేదో తెల్వది. నేను ఈయన దిక్కు చూసిన. పొద్దటిసంది పాఠం చెప్పినట్టు చెప్పిన, ఎన్నో అన్ని చెప్పమని. నోరు తెరిచిండు. వాళ్ళమ్మ మొకం చూసిండు. "అంతే సార్" అన్నడు.

బర్రెలోళ్ళ ఇండ్లల్ల ఇదే రోగం. పాలెన్నో నోటితోని చెప్పరు, చెప్తే దిష్టి తగుల్తదని. ఎవరడిగినా దుడ్డె తాగంగ మిగిలినన్ని అంటరు. నేను కోడలిగ వచ్చిన కొత్తల, దుడ్డె అంటే దూడ అని సమజైనంక, కొంగు నోట్లె కుక్కుకొని నవ్విన. మా పుట్టిల్లు శాలిబండ, మా బాపు దర్జీ, మాకు బర్రెలు లేవు. నేను డిగ్రీ చదివిన. నాకు గసుంటి పిచ్చి పట్టింపుల్లేవు.

దీక్షిత్ పోయి పక్క కొట్టం బాలరాజన్నను అడిగిండు. బాలరాజన్న అయితే ఇంక రెండాకులు ఎక్కువ తిన్నడు. "మా ఎల్లేష్‌కా? పాపం సార్. ఇంట్ల చాయ్‌కి గూడ మా దగ్గర్కెళ్ళే పాలు తీస్కపోతరు" అన్నడు. అని మా అత్తమ్మ దిక్కు చూసిండు, ఎంతో మేలు చేసినోని లెక్క. అత్తమ్మ గూడ సల్లగుండు అన్నట్టు తల ఊపింది. నేను గడ్డిమోపు మీద కూలవడ్డ.

జూన్ 20

దీక్షిత్ నవ్వుకుంటనే పోయిండు కదా. లోన్ అయితది.

జూన్ 23

అయితది.

జూన్ 27

కాలే.

బ్యాంకుకు పిలిచిన్రు. దీక్షిత్ ఫైల్ ముంగటేసుకొని కూసున్నడు. "మీ బర్రెలు ఇచ్చే పాలు గింతేనని మీ అమ్మగారే చెప్పిన్రు. పక్కాయన గూడ గదే చెప్పిండు. మరి హోటళ్ళకు అమ్మిన పాలు దీనికి ఎన్నో రెట్లున్నయ్. మిగిలినయ్ ఏడికెళ్ళి వస్తున్నయ్?" అన్నడు.

ఈయనకు సమజ్ కాలే. నాకైంది. చెవులు ఎర్రగైనయ్. "నీళ్ళంటున్నవా సార్?" అన్న. "నేను అనలే మేడం. లెక్క అంటున్నది" అన్నడు నెమ్మదిగ. ఆ పిలగాని తప్పేమున్నది. ఇంకొక్కసారి వచ్చి చూస్తనన్నడు, అదే ఆఖరి. అప్పుడు గూడ లెక్క కలవకపోతే ఫైల్ వాపసే.

బండి మీద వాపసొస్తుంటే శాలిబండ సిగ్నల్ కాడ ఈయన ఎనక్కి తిరిగి, "మా అమ్మకు నీళ్ళ ముచ్చట నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నడు. "నీ అమ్మ, నువ్వే చెప్పు" అన్న.

జూన్ 28

చెప్పిండు. అత్తమ్మ బువ్వ తినలే. గడ్డి ఏసేటప్పుడు గూడ మాట్లాడలే, లేకపోతే బర్రెలతోని ఊకె ముచ్చట పెడ్తది.

పొద్దుమీకి పక్కన పోయి కూసున్న. "అత్తమ్మా, ఒక్కసారి చెప్తే ఏమైతది? బ్యాంకోళ్ళ కండ్లు మనకు తగుల్తయా?" అన్న.

చేతిల గడ్డిపోచ తుంచుకుంట చెప్పింది. ఆమె ఈ ఇంటికి కొత్త కోడలిగ వచ్చినప్పుడు నల్లా కాడ ఎవరో అడిగితే ఖుషీల చెప్పిందంట, మా చుక్క బర్రె గిన్ని పాలిస్తదని. ఆ వారంలనే చుక్క పడి సచ్చిపోయిందంట. వాళ్ళత్త ఒక్క మాట అనలేదంట. "అంటే బాగుండు బిడ్డా" అన్నది.

చుక్కకు ఏదో జబ్బు చేసి ఉంటదని నేను అనొచ్చు. అనలే. ఇంట్లకొచ్చి గిన్నెలు తోమిన, తోమినయే మల్ల తోమిన.

జూలై 3

వైకుంఠం సేట్ కొట్టం ముంగటికొచ్చిండు. ఇల్లు కొననీకి ఎవరో పార్టీ చేతుల మొత్తం పైసలు పట్టుకొని తిరుగుతున్నరంట. "మీ ముసలమ్మ నా పిల్లలకు పాలు పోసింది. అందుకని ఆగుతున్న. బోనాల ఆదివారం దాంక ఎవ్వరికి మాటియ్య. నువ్వు లెటర్ తెచ్చుకో, కూసొని మాట్లాడుకుందాం" అన్నడు ఈయనతోని.

ఈయన లోపలికొచ్చి నాతోని అంటున్నడు, "వంటిల్లు ఎడమ దిక్కున్నదే, ధార మంచిగొస్తదే నల్లాల." చూడొద్దని ఒట్టేస్తే ఎట్ల తెలిసిందని అడిగిన. "పైపు బాగుచేయనీకి పిలిచిన్రు" అన్నడు. ఈయనకు పైపుల పనేం వస్తది? నేను మల్ల అడగలే. నా కొత్తిమీర ముచ్చట బయటికొస్తది.

ఇద్దరం ఆ నీలం కిటికీ కిందనే మంచం ఎయ్యాలని అనుకున్నం. మరి పాలెన్నో చెప్పేదెవరు? నేను చెప్పొచ్చు. ఈయన చెప్పొచ్చు. కని బర్రెలు ఆమెవి. ఆమె కాదన్నంక మేం చెప్పి కొనుక్కున్న ఇంట్ల ఆమె ఎట్లుంటది, మేమెట్లుంటం? ఈయన గదే అన్నడు. ఆయన మాట నిజమైనప్పుడు నాకు ఇంకింత కోపమొస్తది.

జూలై 8, మంగళవారం

అయిపోయింది. 

దీక్షిత్ పాలు పిండే యాళ్ళకే వచ్చిండు, పొద్దుమీకి. ఈసారి చెప్పులు ఏసుకొని వచ్చిండు, నేర్చుకున్నడు. అత్తమ్మ అప్పటికే ఇంటికాడనే పట్టుచీర కట్టుకొని వచ్చి ఉన్నది, మా లగ్గం నాటిది. బోనాలు ఇంక పది దినాలకు మీదున్నయ్, ఇప్పుడెందుకు ఈ చీర అని నేను అనుకున్న. అంతే అనుకున్న.

"నీళ్ళ ముచ్చట అన్నది నువ్వేనా కొడకా?" అన్నది.

దీక్షిత్ ఫైల్ ఎదకు అదుముకున్నడు. "నేను అనలేదమ్మా, లెక్క..."

"లోన్ ఇయ్యకుంటే ఇయ్యకు. కని నీళ్ళ మాట నీ కాయితంల ఉండొద్దు. రాసుకో. ఇనవడకపోతే మల్ల చెప్ప."

చెప్పింది! రాణి వీపు మీద చెయ్యేసి రాణివి చెప్పింది. గౌరివి చెప్పింది. చిట్టివి చెప్పింది. పొద్దుగాల ఎన్ని, పొద్దుమీకి ఎన్ని, ఒక్కొక్కదాని పేరు పెట్టి, బజారంత ఇనవడేటట్టు. పక్క కొట్టంల బాలరాజన్న చేతిలకెళ్ళి బకీటు కింద పడ్డది. ఈయన కొట్టం గుంజ పట్టుకొని నిలవడ్డడు, కండ్లు నిండినయ్. ఎన్నెన్ని చెప్పిందో రాసేటంత చోటు ఈ పేజీల లేదు, శ్రీహిత పిల్లి బొమ్మ అడ్డమున్నది.

తర్వాత కూసొని పిండింది. దీక్షిత్‌ను పక్కనే నిలబెట్టుకొని, ఆయన ముంగటనే క్యాన్లల్ల కొలిపిచ్చింది. వేడి వేడిగ ఒక గ్లాసు ఆయన చేతిల పెట్టింది. "తాగి చెప్పు, నీళ్ళున్నయా?" తాగిండు. మీసం లేదు గద, పెదవి మీద నురుగు మీసమొచ్చింది. శ్రీహిత కిలకిల నవ్వింది.

దీక్షిత్ లెక్క చూసుకున్నడు. మల్ల చూసుకున్నడు. "అమ్మా, మీరు చెప్పినదానికంటే ఎక్కువున్నయ్ కదా" అన్నడు.

అత్తమ్మ క్యాను మూత పెట్టుకుంట అన్నది, "అది దుడ్డెది."

బాలరాజన్న గోడవతల నవ్విండు చూడు, దగ్గొచ్చేదాంక నవ్విండు. నేను గూడ ఆగలేకపోయిన. దీక్షిత్ గూడ నవ్విండు, ఎందుకు నవ్వాల్నో తెల్వకున్నా. ఆయన గల్లి మలుపు తిరగంగనే అత్తమ్మ కొంగు ముడి ఇప్పి, ఉప్పు, ఎండు మిరపకాయలు తీసి, బర్రెలకు దిష్టి తీసి నిప్పుల ఏసింది. అందరికి దగ్గులే దగ్గులు.

"నీళ్ళన్నరని కోపంల నోరు జారింది మీ అమ్మకు, మన నసీబు బాగున్నది" అన్న ఈయనతోని. అవునన్నడు.

జూలై 9

పొద్దున చారుకు పోపు పెడ్తుంటే మిరపకాయల డబ్బా తీసిన. చెయ్యి ఆగింది.

ఉప్పు, మిరపకాయలు ఇంట్లున్నయ్. కొట్టం గల్లి చివర్లున్నది. దీక్షిత్ వచ్చినంక అత్తమ్మ ఇంటికి రాలే. అంటే కొంగుకు ముందే ముడేసుకొని పోయింది. చీర గూడ అందుకే కట్టింది.

కోపంల నోరు జారలే. చెప్పాలనే పోయింది. నల్లా కాడి ముచ్చట ఇన్నేండ్లు మోసిన మనిషి, నాకోసం నోరు తెరిచింది. నేనేమో నసీబు అన్న.

పోపు మాడింది. ఈయన పాలు పోసొచ్చి ఏమైందన్నడు. పొగ అన్న.

జూలై 10

రాణి పాలు తగ్గలే. గౌరివి తగ్గలే. చిట్టివి జర తగ్గినట్టున్నయని అత్తమ్మ పరేషానైంది, తీరా చూస్తే దుడ్డె తాడిప్పుకొని తాగిపోయింది. ఆ దుడ్డెను తిట్టుకుంట తిట్టుకుంట ముద్దు పెట్టుకున్నది.

జూలై 18, శుక్రవారం

వచ్చింది! లెటరొచ్చింది! దీక్షిత్ ల్యాబుకే ఫోన్ చేసిండు. నేను కౌంటర్ల "ఆఁ!" అని ఒర్లితే, రక్తం ఇయ్యనీకి వచ్చిన ముసలాయన సూది నాకే గుచ్చుకున్నదనుకున్నడు. నస్రీన్ నన్ను కావలించుకొని తిప్పింది. "అబ్ ఘర్ దేఖ్, రాణీ!" అన్నది. "రాణి మా బర్రె పేరు" అన్న. ఇద్దరం కింద కూసొని నవ్వినం.

ఇంటికొచ్చి అత్తమ్మ చేతిల పెట్టిన లెటరు. ఆమెకు చదువు రాదు. కండ్లకద్దుకొని, "నీళ్ళ మాట లేదు కదా?" అని అడిగింది. లేదన్న. కాళ్ళు మొక్కబోతే, "ఏందే, పండుగ ఎల్లుండి గదా, ఇప్పుడే షురూ చేసినవా?" అన్నది. "మిరపకాయలు ముందే కట్టుకొని పోయినవ్ కదా అత్తమ్మా" అన్న. నా దిక్కు చూడలే. "పొయ్యి మీద పాలున్నయ్, పొంగుతయ్ చూడు" అన్నది. పొయ్యి మీద ఏం లేవు.

జూలై 19, శనివారం

ఇయ్యాల మొదటిసారి వైకుంఠం సేట్ ఇల్లు చూసినం.

సేట్ నిజంగనే కుర్చీలేసిండు. లెటర్ చదివి, మడిచి, తలూపిండు. వాళ్ళింటామె నాగమణమ్మ నన్ను లోపలికి తీసుకపోతూ "ఇటు రా, వంటిల్లు చూద్దువు" అంటే నేను ముందే ఎడమ దిక్కు తిరిగిన. ఈయన ముందే పోయి నల్లా తిప్పిండు. నాగమణమ్మ మా ఇద్దరిని చూసింది. "కొత్తిమీర మస్తు తింటరు గదా మీరు" అన్నది. సిగ్గుతోని సచ్చిన.

అత్తమ్మ కుర్చీల కూసోలే. ఒక్కొక్క గోడకాడికి పోయింది. పిడికిలితోని కొట్టి చూసింది, చెవి పెట్టి ఇన్నది. నీలం కిటికీ ఉన్న అర్రల ఆగి నన్ను పిలిచింది.

"ఈ గోడ గట్టిగున్నదే. ఫోటో ఈడ పెట్టు. మొల మంచిగ దిగుతది."

మొల ముచ్చట నేను ఆమెకు ఎన్నడు చెప్పలే. ఏడ్చిన, దాచుకోలే. సేట్ కంగారువడి నీళ్ళు తెమ్మన్నడు. "నీళ్ళొద్దు సేట్" అన్నది అత్తమ్మ, "మా ఇంట్ల ఆ పేరెత్తకు." అందరం నవ్వినం. సేట్ ఈయన చెయ్యి పట్టుకొని మాటిచ్చిండు, ఇల్లు మాదేనని.

జూలై 20, బోనాల ఆదివారం

బోనమెత్తుకొని నడుస్తుంటే గల్లి గల్లి మొత్తం అడుగుడే. ఓనరమ్మ అడిగింది, బాలరాజన్న భార్య అడిగింది, నాకు పేరు తెల్వని ఆమె గూడ అడిగింది, బ్యాంకోళ్ళు ఎంతిచ్చిన్రని. నాకు గసుంటి పట్టింపుల్లేవు, డిగ్రీ చదివిన దాన్ని. కని నెత్తి మీద బోనముంటే ఏం చెప్తం. అత్తమ్మ నా పక్కనే నడుస్తున్నది, నవ్వాపుకుంట.

ఇప్పుడు ఇంట్ల ఎవ్వరు లేరు, డైరీ నాది, రాసుకోవచ్చు. లెటర్ల ఎంతున్నదంటే

కొట్టేసిన. మల్ల రాసి మల్ల కొట్టేసిన.

ఏదో, దుడ్డె తాగంగ మిగిలినంత.